కండక్టరమ్మ రిపోర్టు

రిపోర్టులో ఏమీ లేదని తెలిసిన మర్నాడు పొద్దున్నే, మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తూ కండక్టరమ్మ నవ్వుకుంది. నవ్వు దానంతటదే వచ్చింది. గుండెల మీది బండరాయిని ఎవరో దించినట్టుంది. నేను పోయి ఉంటే ఈ చొక్కా ఎవరు ఇస్త్రీ చేసేవారు అనుకుంది ముందు. ఎవరో ఒకరు చేసేవారు, చొక్కా దేనికీ ఆగదు, ఆగిపోయేదాన్ని నేనే అని కూడా అనుకుంది. అయినా ఇవాళ బాధ కలగలేదు. ఇస్త్రీపెట్టె వేడి, తడి గుడ్డ వాసన, పక్క గదిలో కూతురు పాఠం వల్లెవేస్తున్న గొంతు, అన్నీ ముద్దొస్తున్నాయి.

అసలు ఆ పరీక్షకి ఆమె ఆరోగ్యం మీద శ్రద్ధతో వెళ్లలేదు. డిపోలో ఆడవాళ్లందరికీ గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఉచితంగా చేస్తామనీ, చేయించుకున్నవాళ్లకి ఆ పూట డ్యూటీ ఉండదనీ బోర్డు మీద రాశారు. ఒక పూట కూర్చోవచ్చు కదా అని వెళ్లింది. తెల్లారకుండానే లేచి వంట, డబ్బాలు, అత్తగారి మాత్రలు, ఇస్త్రీ, ఆపైన సిటీ బస్సులో తొక్కిసలాట. బస్సు వెనక్కి తిరిగే ఆఖరి స్టాపులో ఆడవాళ్లు వెళ్లడానికి చాటు ఉండదు కనక ఆమె డ్యూటీలో మంచినీళ్లు తాగడం ఏనాడో మానేసింది. నడుం కింద ఏ నొప్పి వచ్చినా, ఏ మంట పుట్టినా ఉద్యోగం ఖాతాలో వేసేసేది. కాన్పు తరవాత మళ్లీ ఏ డాక్టరుకీ చూపించుకోలేదు. వరసలో నిలబడి ఉంటే డిపో గుమస్తా, "ఏంటమ్మా, ఈ వయసులో పరీక్షలా? పాసవుతావా?" అని పళ్లికిలించాడు. చుట్టూ ఉన్న మగాళ్లు నవ్వారు. పరీక్ష మాత్రం కాసేపట్లో అయిపోయింది, పెద్ద నొప్పి కూడా లేదు.

తరవాత, పరీక్షలో ఏదో తేడా కనబడిందని పెద్దాసుపత్రికి రమ్మన్నారు. అక్కడి డాక్టరమ్మ భూతద్దంలోంచి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపి, ఫలితం వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "ఇది క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్లకి అవ్వచ్చు. ఇప్పుడే ఆ భాగం తీసేస్తే గొడవ ఉండదు."

"ఎందుకొచ్చిందండీ?"

"ఒక వైరస్ వల్ల. ఆడా మగా కలిసినప్పుడు ఒకరి నించి ఒకరికి వస్తుంది. దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, చాలామందికి దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీది పెళ్లయిన కొత్తలో వచ్చిందే కావచ్చు. ఎవర్నీ తప్పుపట్టక్కర్లేదు."

ఆమెకి చప్పున అర్థమైంది. రద్దీలో ఎక్కి, వెనక సీట్లో ముడుచుకు కూర్చున్న టికెట్ లేని వాడిలాంటిది. చెకింగ్ వాళ్లు ఎక్కితే తప్ప దొరకడు. దొరికాడు కదా, దించేస్తే సరి అనుకుని, తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చి డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు మొగుడికి చెప్పింది.

ఆయన కాగితం చదివాడు. ఫోన్లో ఏదో వెతికాడు. ఆ తరవాత ఆమె ముఖంలోకి కాకుండా యూనిఫాం వంక చూసి, "రోజంతా మగాళ్లని రాసుకుంటూ తిరిగే ఉద్యోగం. ఏదో ఒకరోజు ఇలాంటిదే ఇంటికి తెస్తావని నాకు తెలుసు" అన్నాడు.

జీతం తెచ్చిన ఏ నెలా ఆ ఉద్యోగం ఆయనకి చెడ్డది కాలేదు. ఆ రాత్రే దిండు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయాడు. మంచినీళ్ల గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు. ఆమెకి ముందు కోపం కూడా రాలేదు. బస్సులో వెనకనించి తగిలిన మోచేతులు, చిల్లరిస్తూ అరచెయ్యి గిల్లిన వేళ్లు, ఇవేవీ ఆమె ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. చెబితే సరిగ్గా ఈ మాటే వస్తుందని భయపడి చెప్పలేదు. చెప్పకపోయినా వచ్చింది. ఇక ఆసుపత్రికి వెళ్తే ఆయన అన్నదానికి ఒప్పుకున్నట్టవుతుందేమో అనిపించింది. రమ్మన్న రోజు వెళ్లలేదు. మళ్లీ ఫోన్ చేసి ఇంకో రోజు చెప్పారు, దానికీ వెళ్లలేదు. తప్పు చెయ్యలేదని రుజువు చేసుకోవడం కోసం చావడానికైనా సిద్ధపడుతున్నానని ఆమెకి అప్పుడు తట్టలేదు.

తట్టించింది అత్తగారు. "మా కోడలికి బస్సంతా కనబడుతుంది, ఇల్లొక్కటే కనబడదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పే మనిషి. ఆవిడ ఒకరోజు గిన్నెలు సర్దుతూ ఆ వేరు గ్లాసు పైకెత్తి చూసి, "ఏంటిది? ఎవరికి మైల?" అంది. కోడలు కళ్లనీళ్లతో అంతా చెప్పేసింది.

అత్తగారు గ్లాసు చేత్తో పట్టుకునే పీట మీద కూర్చుంది.

"మా అక్కకి ముట్టుడిగిపోయిన ఎన్నాళ్లకో మళ్లీ కనబడింది. ఆ గుడ్డలు నేనే ఉతికాను. ఎవరికీ చెప్పొద్దే, నవ్వుతారు అంది. చెప్పలేదు. పరువు దక్కింది, అక్క దక్కలేదు" అంది. తరవాత గ్లాసు తీసుకెళ్లి మిగతా గ్లాసుల్లో కలిపేసి, "చీర మార్చుకో. నేనూ వస్తాను" అంది.

వెళ్లారు. చెడ్డ భాగం తీసెయ్యడం చిన్న పనే, సాయంత్రానికి ఇంటికొచ్చేశారు. డాక్టరమ్మ అత్తగారి వంక తిరిగి, "మీరూ ఎక్కండి మంచం, ఎప్పుడూ చూపించుకోలేదుగా" అన్నప్పుడు ఆవిడ హడలిపోయి, "నాకెందుకు తల్లీ, నేను దుకాణం ఎప్పుడో మూసేశాను" అంది. "మూసిన దుకాణంలోనేనమ్మా ఎలకలు చేరేది" అని డాక్టరమ్మ అంటే నర్సు పగలబడి నవ్వింది. ఆవిడకి ఏమీ లేదని తేలింది. ఏడాది తిరిగాక, అంటే నిన్న, కోడలికీ ఏమీ లేదని తేలింది. ఆసుపత్రి మెట్ల మీద అత్తాకోడళ్లిద్దరూ కూలబడి, ఎందుకో తెలియకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వారు. అంత హాయి ఆమెకి కూతురు పుట్టినప్పుడు కూడా తెలియదు.

రోగం ఒంట్లోంచి పోయింది. ఇంట్లోంచి ఇంకా పోలేదని, చొక్కా కోసం మొగుడు వచ్చి నిలబడ్డాక తెలిసింది.

"అయితే మొత్తం పోయినట్టేనా?"

"పోయింది. ఇంకొన్నాళ్లు అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలన్నారు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చాలా పెద్ద మనసు చేసుకున్న వాడిలా కనిపించాడు. "సరే. జరిగిందేదో జరిగింది. నేనిక మనసులో పెట్టుకోను. క్షమించేశాను. ఇవాళ్టి నించి గదిలోనే పడుకుంటాను."

ఆమె కాలరు తిప్పి ఇంకోవైపు రుద్దింది. "మధ్యాహ్నం పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఈ జబ్బు రాకుండా టీకా ఉంది. ఈ వయసులో వేయిస్తే బాగా పనిచేస్తుందట."

"దానికెందుకా టీకా? అదేమన్నా నీలాగా ఊరంతా తిరిగేదా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తగారు వింటోంది.

కండక్టరమ్మ స్విచ్చి కట్టేసింది. చొక్కా మడత పెట్టకుండానే ఆయన చేతికిచ్చింది. ఏడాదిగా ఈ మాట నోటిదాకా వచ్చి ఆగుతూనే ఉంది. ఇప్పుడు ఆపాలనిపించలేదు. గొంతు పెంచాలనీ అనిపించలేదు.

"ఏమండీ, అది వచ్చే దారి ఒక్కటే అని మీరూ ఫోన్లో చదివారుగా. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ దారిన నా దగ్గరికొచ్చిన మనిషి మీరొక్కరే. మీకది పెళ్లికి ముందు తగిలిందో, తరవాత తగిలిందో అని నేను మిమ్మల్ని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇప్పుడు అడగమంటారా?"