టోకెన్ బాబాయి చెప్పిన అర్థాలు

"పదిహేడూ!" అని పిలిచి టోకెన్ బాబాయి తలుపు ఓరగా తెరిచి పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. మనసు బాగాలేనివాళ్లు వచ్చే చోట పేరు పెట్టి పిలవకూడదనీ, అరవకూడదనీ చేరిన మొదటి రోజే పెద్ద డాక్టరుగారు చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఆ మాట జవదాటలేదు. బక్కపలచని మనిషి. మడత నలగని ఖాకీ చొక్కా. రోజంతా నంబర్లు పిలిచే గొంతు కోసం తలుపు పక్క కిటికీలో దగ్గుబిళ్ళల డబ్బా పెట్టుకునేవాడు. ఒక చెవి కాస్త ముందుకు వంగి ఉంటుంది, ఎప్పుడూ ఎవరి మాటో ఆలకిస్తున్నట్టు.

చదివింది ఎనిమిదో తరగతి. అయినా డాక్టర్ల నోట వచ్చిన ప్రతి మాటకీ అర్థం అడిగి, దాన్ని తన మాటల్లోకి మార్చుకునేవాడు. డిప్రెషన్ అంటే మనసుకి ఆకలి చచ్చిపోవడం. హాలూసినేషన్ అంటే ఎవరూ పిలవకుండానే పలకడం. ఇంట్లో భార్య "ఉప్పు తెమ్మన్నాను కదా, ఏదీ?" అంటే, "మర్చిపోయానే, దీన్ని అమ్నీషియా అంటారు" అని తప్పించుకోబోయేవాడు. "కాదు, బద్ధకం అంటారు" అనేదామె. ఆమె నిర్ధారణే ఖాయమై, సంచీ పట్టుకుని బయల్దేరేవాడు.

పదిహేడో నంబరు తాపీమేస్త్రి. అరగంట తర్వాత పాలిపోయిన ముఖంతో బయటికొచ్చాడు. భార్య ఎదురెళ్లింది.

"ఏమన్నారు?"

"పానిక్ ఎటాక్ అంట."

ఎటాక్ అన్న మాట వినగానే ఆమె బెంచీమీద కూలబడింది. "నేననుకుంటూనే ఉన్నాను! గుండె ఆసుపత్రివాళ్లు రెండుసార్లు ఏమీ లేదని పంపేశారు. పదండి, మళ్లీ అక్కడికే పోదాం." మందుల చీటీ అప్పటికే ఆమె పిడికిట్లో ఉండ చుట్టుకుపోయింది.

బాబాయి వాళ్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఒక్క నిమిషం ఆగమ్మా. మేస్త్రీ, మీ ఇంట్లో కుక్క ఉందా?"

"ఉంది."

"దొంగ లేకపోయినా అరుస్తుందా?"

"పిల్లి తోక కనబడితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తుంది."

"నీకు జరుగుతున్నదీ అదే. గుండె బాగానే ఉంది, దొంగ లేడు. లోపల కాపలా కాసేది ఉత్తినే అరుస్తోంది. దడ పుడుతుంది, చెమటలు పోస్తాయి, ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. పోదు. కాసేపటికి అదే సద్దుమణుగుతుంది."

రెండు నెలలుగా మేస్త్రి గోడ కట్టే పరంజా ఎక్కలేదు. ఇక ఎక్కనేమోనని లోలోపలే కుమిలిపోతున్నాడు. "మరి నా పని?" అన్నాడు మెల్లగా.

"డాక్టరమ్మ ఎక్కమన్న రోజున ఎక్కుదువుగాని. ముందు మందు వేసుకో, వారం వారం వచ్చి ఆవిడతో మాట్లాడు."

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "అయితే నాకొచ్చింది కుక్క రోగమన్నమాట!"

ముందు అతని భార్యే ఫక్కున నవ్వింది. బెంచీలన్నీ నవ్వాయి. ఆమె చీటీని మోకాలిమీద పెట్టి, అరచేత్తో సాపు చేసి, మందుల కిటికీ వైపు నడిచింది.

"బాబాయ్, ఒకసారి రండి." తలుపు దగ్గర అంతా విన్న డాక్టరమ్మ. చీవాట్లు తప్పవనుకుంటూ లోపలికెళ్లాడు. రోగుల కోసం ఆవిడ చిన్న పుస్తకం రాస్తోంది. 'ఆకస్మికంగా జనించు తీవ్ర భయోద్వేగ స్థితి' అన్న వాక్యం కొట్టేసి, పైన కుక్క సంగతి రాసుకుంది.

"ఇది మీ పేరుతోనే వేస్తాను. సరే, సైకాలజీ అంటే ఏం చెబుతారు?"

బాబాయి మళ్లీ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. నంబర్లు పిలుస్తూ ఆలోచించాడు. అన్నం తింటూ ఆలోచించి మజ్జిగలో చెయ్యి కడుక్కోబోయాడు. నాలుగింటికి, ఆఖరి నంబరు వెళ్లిపోయాక, తలుపు తట్టాడు.

"మనిషి నోరు ఒకటి చెబుతుంటే చేతులు ఇంకోటి చెబుతుంటాయమ్మా. రెండూ వినడమే."

ఆవిడ గబగబా రాసుకుంది. "ఇవాళ్టితో మీరు రిటైరవుతున్నారు, రేపట్నించి నేనెవర్నడగాలి బాబాయ్?"

"పుస్తకంలో ఉంటాను కదమ్మా, అక్కడే అడుగు!"

నవ్వుతూనే రిజిస్టరులో చివరి సంతకం పెట్టాడు. తాళాలు అప్పజెప్పాడు. ఉద్యోగం ముగిసిన మనిషిలా కాక, బడి వదిలిన పిల్లాడిలా చేతులూపుకుంటూ గేటు దాటాడు.

తలుపు పక్క కిటికీలో ఆయన మర్చిపోయిన దగ్గుబిళ్ళల డబ్బా మూత తెరిచి ఉంది, అందులో ఇంకా రెండు బిళ్ళలు మిగిలే ఉన్నాయి.