తోపు లేని స్క్రమ్

ఎడమకాలి బూటు చూడడం అయిపోయింది. కుర్రవాడు కుడికాలు చాపాడు. రెఫరీ ఒక మోకాలి మీద కూర్చుని, బూటు అడుగున ఉన్న గుబ్బలను బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు. అరిగిన గుబ్బకు అంచు లేస్తే అది చాకుతో సమానం. గుంపులో కిందపడ్డవాడి చెవి తెగుతుంది.

“సార్, గిలిగింతలు.”

“బూటుకా, నీకా?”

“ఇద్దరికీ సార్.”

బల్లల మీద వరుసగా కూర్చున్న నీలం చొక్కాల పిల్లలు కిలకిలమన్నారు. గది నిండా నొప్పులకు రాసుకునే మందు ఘాటు, ఎండని మేజోళ్ళ వాసన. రెఫరీ కూడా నవ్వాడు. నవ్వుతూనే తన చేతిని బూటు చాటున దాచుకున్నాడు. వేళ్ళు వణుకుతున్నాయి.

వారమంతా అతను కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీస్తాడు. అద్దాన్ని కిటికీ వైపు ఎత్తి అటూ ఇటూ కదిపితే, ఎదుటి గోడ ఇటుకల గీతలు ఈదినట్టు కనిపిస్తాయి. ఎక్కడ ఎక్కువ ఈదితే అక్కడ ఇంకొంచెం అరగదీయాలి. ఆ పనికి వణికే చెయ్యి పనికిరాదు. కొట్లో అతని చెయ్యి ఎప్పుడూ వణకలేదు. శనివారం పొద్దున, బడుల మధ్య జరిగే రగ్బీ పోటీలకు ఈల మెడలో వేసుకోగానే మొదలవుతుంది.

పోయిన ఏడాది చివర్లో వచ్చిపడింది ఈ జబ్బు. స్క్రమ్ అంటే ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు, నడుములు వంచి, తలలు ఒకరి సందులో ఒకరు దూర్చి, మధ్యలో వేసిన బంతి కోసం తోసుకోవడం. ఆ బరువంతా ముందు వరుస ముగ్గురి మెడల మీదుగా పోతుంది. ఆ రోజు స్క్రమ్ కూలింది. అందరూ లేచారు, ఒకడు లేవలేదు. మైదానమంతా చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి ఆ కుర్రవాడు కళ్ళు తెరిచి, “బంతి ఎవరిది?” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు, ఆట సాగింది. సాయంత్రానికి ఎవరికీ ఆ సంగతి గుర్తు లేదు. ఏమీ జరగలేదు గదా! ఆ ఏమీ జరగని కాసేపు మాత్రం రెఫరీ వెంట ఇంటిదాకా నడిచి వచ్చి, అతనితోపాటే పడుకుంది. ఇప్పుడు కొట్లో బడిపిల్లలెవరైనా వచ్చి కూర్చుంటే ముక్కు కొలత తీసుకోవడానికి ముందు అతని చూపు మెడ మీదికి పోతోంది.

“ముందు వరుసలో ఆడడం నేర్చినవాళ్ళు చేతులెత్తండి,” అన్నాడు లేచి నిలబడి.

మూడు చేతులు చటుక్కున లేచాయి. నాలుగోది మూల నుంచి, సగానికే లేచింది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు వాడు. పిల్లలు వాడిని పుల్ల అని పిలుస్తున్నారు. చొక్కా కాలర్‌లో ఇంకో మెడ కూడా పట్టేటంత ఖాళీ ఉంది.

“వీడికి వచ్చా మాస్టారూ?”

నీలం జట్టుకు ఆట నేర్పేది లెక్కల మాస్టారు. “వచ్చండీ, వచ్చు. నేర్పించాం,” అన్నాడు, మేజోడు మడత సర్దుకుంటూ.

ఆ మాట మీద నమ్మకం ఉంచడమే పద్ధతి. రెఫరీ మెడను కొలిచి చూడకూడదు. ముందు వరుసలో ఒకడు దెబ్బ తగిలి వెళ్ళిపోతే, నేర్చినవాడు ఇంకొకడు ఉంటే వస్తాడు. లేకపోతే స్క్రమ్‌లో తోపు బంద్, పైగా ఆ జట్టు పదిహేనుమందిలో ఒకడిని తగ్గించుకుని పద్నాలుగుమందితోనే ఆడాలి. అందుకే ఏ మాస్టారూ నేర్చినవాడు లేడని చెప్పడు.

బయట చినుకు పడుతోంది. మైదానం గట్టు మీద గొడుగు కింద అతని భార్య కూర్చుని ఉంది. నడివయసు దాటాక, కిందటి వానల్లో జరిగింది పెళ్ళి. ఆమె కొట్టుకు ఎదురుగా బట్టలు కుట్టే అమ్మాయిలకు పని నేర్పుతుంది. అన్నాళ్ళూ కొట్టు పైన ఒంటరి గదిలో ఉన్న మనిషికి, తలుపు తీసేసరికి లోపల దీపం వెలిగి ఉండడం ఇంకా కొత్తగానే ఉంది. నిన్న ఈల పెట్టెలో ఆమె తలపిన్ను దొరికితే, దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో తోచక, చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇంత బాగున్నప్పుడు ఏదో ఒకటి విరిగిపోతుందన్న భయం కూడా అప్పుడే కలిగింది.

“ఏమండీ, మేజోడు జారింది,” అంది గట్టు మీంచి. “ఎడమది!”

“సరే, అరవకు. అందరూ చూస్తున్నారు.”

“చూడనివ్వండి. మీ కాళ్ళు బాగానే ఉన్నాయి.”

అతను చెవులు ఎర్రబడగా మేజోడు పైకి లాక్కుని మైదానం మధ్యకు నడిచాడు.

ఎరుపు జట్టుకు పరుగు లేదు, బంతి విసురులోనూ చురుకు లేదు. ఉన్నదల్లా స్క్రమ్. ఎనిమిదిమందీ ఒక్కసారే ఊపిరి తీసి ఒక్కసారే వదిలేవారు. వాళ్ళ నాయకుడు బస్తా అనే కుర్రవాడు. వాడి వీపు వంగితే దాని మీద అన్నం తినొచ్చు, అంత చదునుగా ఉండేది. నీలం జట్టు గాలిలాంటిది. దొరికితే పరుగు, లేకపోతే చెదురు. మొదటి సగంలో నీలం పరుగెత్తి పాయింట్లు తెచ్చుకుంది, ఎరుపు తోసి తోసి తెచ్చుకుంది. ఏడాది ఆటల్లో ఇది ఫైనల్‌కు ముందు మెట్టు. ఓడినవాళ్ళు ఇంటికే. వాళ్ళలో పై తరగతి పిల్లలకు మళ్ళీ ఈ చొక్కా తొడుక్కునే రోజు రాదు.

ప్రతి స్క్రమ్‌కూ రెఫరీ దగ్గరగా వంగేవాడు. “వంగండి,” అనేవాడు. “పట్టండి,” అనేవాడు. “దిగండి!” అన్నప్పుడు రెండు తలల వరుసలు ధప్పుమని కలిసే చప్పుడుకు అతని చూపు మెడల మీదే అతుక్కుపోయేది. బంతి బయటికి వచ్చేదాకా ఊపిరి తీసుకునేవాడు కాడు. దాంతో వెనక ఎవరు గీత దాటి ముందుకొచ్చారో, ఎవరు ఎవరి చొక్కా లాగారో కనిపించేది కాదు.

“ఒరేయ్ రెఫరీ! కళ్ళజోడు పెట్టుకోవయ్యా!” అని అరిచాడు గట్టు మీద ఎవరి తండ్రో.

“మా కొట్టుకు రండి బాబూ,” అంది గొడుగు కింది నుంచి భార్య. “మీకూ ఒకటి ఇస్తాం. జంటగా తీసుకుంటే తగ్గిస్తాం.”

గట్టంతా నవ్వింది. తండ్రి కూడా నవ్వేశాడు.

రెండో సగం బాగా నడిచాక నీలం ముందు వరుసలో ఒకడికి భుజం బెణికింది. చెయ్యి పొట్టకు ఆనించుకుని, ఫరవాలేదంటూనే బయటికి నడిచాడు. లెక్కల మాస్టారు పుల్లను వీపు తట్టి లోపలికి పంపాడు. నీలం నాలుగు పాయింట్లు ముందుంది. ఒక్కసారి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అయిదు పాయింట్లు, ఎరుపుదే గెలుపు. స్క్రమ్ నీలం గీతకు దగ్గర్లోనే, మూలకు పడింది. బంతి వేసే హక్కు ఎరుపుది. గట్టు మీద ఎరుపు తల్లిదండ్రులు అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు.

“వంగండి.”

పుల్ల వంగాడు. గడ్డం ఛాతీకి ఆనింది. నేర్చినవాడి గడ్డం ఎప్పుడూ ఎత్తి ఉంటుంది, కళ్ళు తెరిచి ఉంటాయి. వీడి కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి.

“పట్టండి.”

వాడి చెయ్యి ఎదురుగా ఉన్న బస్తా వీపు మీదికి పోవాలి. అది పోయి చొక్కా చేతిని పట్టుకుంది, రద్దీలో అమ్మ చెంగు పట్టుకున్నట్టు.

“దిగండి” అన్న మాట రెఫరీ నోట్లోంచి వచ్చేసింది. అలవాటు. ధప్పుమంది. పుల్ల నడుము పైకి లేచింది, తల కిందికి పోయింది, మెడ వెనక చర్మం కింద వెన్నుపూస ఒకటి ఉబ్బి కనిపించింది. రెఫరీ ఈల ఊదాడు. ఊపిరంతా పోయేలా ఊదాడు. స్క్రమ్ విడిపోయింది. పదహారుమందీ నిలబడే ఉన్నారు.

“ఇప్పుడేమైందని?” అని అరిచింది గట్టు.

రెఫరీ పుల్లను పక్కకు పిలిచాడు.

“నువ్వు రోజూ ఆడే చోటేది?”

“ముందు వరసే సార్.”

“అబ్బాయ్, నా మొహం చూసి చెప్పు.”

పుల్ల చూడలేదు. “చివర్న సార్. పరిగెత్తే చోట.” తర్వాత గబగబా, “పంపించెయ్యకండి సార్, మాస్టారు చంపేస్తారు. వంగితే ఊపిరాడట్లేదు గానీ, ఉంటాను సార్,” అన్నాడు.

రెఫరీ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరు నాయకులనూ పిలిచాడు.

“ఇకనుంచి తోపు లేదు. స్క్రమ్ పడుతుంది, బంతి వేసినవాళ్ళకే వస్తుంది. ఎవరూ తొయ్యకూడదు.”

బస్తా ఒక అడుగు ముందుకు వేశాడు. “సార్, మా ఆటే తోపు కద సార్.”

“తెలుసురా.”

“మరి మాకేం మిగిలింది?”

రెఫరీ స్క్రమ్ పడవలసిన చోటు చేత్తో చూపించాడు. అతని గుండె తేలికైంది. ఆ చదునైన వీపులు మెల్లగా వంగి, అద్దాల పెట్టెలో అద్దాన్ని దించినట్టు ఎదుటివాళ్ళను తాకాయి. మెడలన్నీ మెడల్లాగే ఉన్నాయి. చినుకు కూడా హాయిగా అనిపించింది. బంతి ఎరుపు వెనక్కి వచ్చింది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి, అక్కడి నుంచి అంచున ఉన్న పొట్టి కుర్రవాడికి పోయింది. వాడి ముందు గడ్డి తప్ప ఏమీ లేదు. వాడు పరుగందుకున్నాడు.

అప్పుడు స్క్రమ్‌లోంచి పుల్ల విడిపడ్డాడు. వాడికి వచ్చిన పని అదే. పొడుగు కాళ్ళతో అడ్డంగా దూసుకుపోతుంటే చూడముచ్చటగా ఉంది. ఆ పరుగు మధ్యలో రెఫరీకి గుర్తొచ్చింది. వీడు మైదానంలో ఉండకూడదు. తోపు బంద్ చేసిన క్షణాన వీడిని బయటికి పంపాలి, నీలం పద్నాలుగుమందితో ఆడాలి. మెడ దక్కిందన్న సంబరంలో నియమంలోని ఆ రెండో భాగం అతని బుర్రలోంచి జారిపోయింది.

ఈల పెదవుల మధ్యే ఉంది. ఆట మధ్యలో ఊదడానికి పిల్లల తప్పేమీ లేదు, తనది తప్ప. పుల్ల గాల్లోకి దూకి పొట్టివాడి నడుము అందుకున్నాడు. ఇద్దరూ కలిసి పక్క గీత అవతల దొర్లారు. బంతి బయటికి పోయింది. సమయం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఊదక తప్పలేదు. నీలం గెలిచింది.

ఆట అయ్యాక రెండు జట్లూ ఎదురెదురుగా వరసల్లో నిలబడి, మధ్యలోంచి రెఫరీ నడుస్తుంటే చప్పట్లు కొట్టాలి. ఆటకు అదొక మర్యాద. ఎరుపు పిల్లలు ఏడుస్తూనే కొట్టారు. అతని పొరపాటు ఎవరికీ తెలియలేదు. మాస్టర్లకు తెలియలేదు, తండ్రులకు తెలియలేదు. చప్పట్ల మధ్య నడుస్తుంటే అతనికి స్క్రమ్ కూలినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది. వరస చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

ఎరుపు మాస్టారు సంచిలో బంతులు వేసుకుంటున్నాడు. రెఫరీ చెప్పవలసింది రెండు మాటల్లో చెప్పాడు.

మాస్టారు సంచి మూతి బిగించాడు. “మీరు చెప్పకపోతే నాకు తోచేది కాదండీ.” అంతలోనే గొంతు పెంచాడు. “చెప్పకుండా ఉండాల్సింది! ఇప్పుడు నేను వీళ్ళకేం చెప్పను? ఫలితం మారుతుందా?”

“మారదండీ.”

“మరెందుకు చెప్పినట్టు?”

పక్కనే బస్తా బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. తలెత్తకుండా అన్నాడు: “నేను తొయ్యలేదు సార్.”

“ఎప్పుడు?”

“వాడొచ్చినప్పుడు. వాడి మెడ నా చెవికి తగిలింది. పిట్టలా కొట్టుకుంటోంది. నాకూ భయమేసింది సార్.” ముక్కు చీదుకుని, “అయినా గెలవాల్సింది మేమే,” అన్నాడు.

“మీరే,” అన్నాడు రెఫరీ.

రెఫరీలకు ఆటలు పంచే కార్యదర్శి గది మెట్ల పక్కన ఉంది. ఆ పెద్దాయన కుర్చీలో కూర్చుని తడిసిన బూట్లను హీటరు వైపు తిప్పుతున్నాడు. అంతా విని నాలుక చప్పరించాడు.

“ఒక్క తప్పుకే ఇంతా? నేనైతే ఒకసారి తప్పు జట్టునే గెలిపించాను. వాళ్ళు తేనీరు కూడా పోయించారు.”

“తప్పుకు కాదండీ. నాకు మెడలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆట కనిపించడం లేదు. మెడలు చూసేవాడు ఒకడుండాలి, ఆట చూసేవాడు ఒకడుండాలి. నేను ఇద్దరిగా ఉండలేకపోతున్నాను.”

పెద్దాయన బల్ల మీది పుస్తకం తెరిచాడు. “వచ్చే వారం ఆట నీకు వెయ్యనా?”

“వద్దండీ. ఇకెప్పుడూ వద్దు.”

“సరే బాబూ,” అన్నాడు పెద్దాయన, నెమ్మదిగా. “ఇంకా చల్లారలేదు నీళ్ళు. స్నానం చేసి వెళ్ళు.”

రెఫరీల స్నానాల గదిలో ఒక్కడే నిలబడి మోకాళ్ళ బురద కడుక్కున్నాడు. వేళ్ళ వైపు చూసుకున్నాడు. అవి ఇప్పుడు వణకడం లేదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియక, వేడినీళ్ళ కింద అలా నిలబడిపోయాడు.

గేటు దగ్గర భార్య గొడుగు ఊపుతూ ఎదురుచూస్తోంది. ఆమె అతని మొహం చూసింది. గొడుగు అతని చేతికిచ్చి, తను అతని మోచెయ్యి పట్టుకుంది.

“మీ ఆట నాకు నచ్చిందండీ,” అంది కొంత దూరం నడిచాక. “అందరూ నడుములు పట్టుకుని, చెవిపోగు పడిపోతే వెతుక్కుంటున్నట్టుంది.”

అతనికి నవ్వొచ్చింది. తన రెఫరీ పని ఇక అయిపోయిందని చెప్పడానికి నోరు తెరిచేసరికి, ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది.

“మీ జుట్టు తడిగా ఉంది. జలుబు చేస్తుంది, పదండి. సబ్బు సంచిలో పెట్టుకున్నారా?”

“మర్చిపోయాను.”

“వెనక్కి వెళ్దామా?”

అతను ఒకసారి తిరిగి చూశాడు. “ఉండనీ. ఎవరికైనా పనికొస్తుంది.”

ఖాళీ అయిన స్నానాల గదిలో, కిటికీ గట్టు మీద, సగం అరిగిన సబ్బుబిళ్ళ నురగ ఇంకా ఆరకుండా కూర్చుని ఉంది. దాని మెత్తటి వీపు మీద ఒక బొటనవేలి గుంట, గుంటలో అతుక్కుపోయిన ఒక పచ్చి గడ్డిపోచ.