ఊకొట్టే పక్క

కొత్త బండి మాట ఎత్తినప్పటినుంచి మా ఇంట్లో మూడు నెలలుగా రగడే. తలుపులు మోసి మోసి పాత పికప్ నడుం విరిగింది. మాది వడ్రంగం. మా ఆయన తలుపులు చేస్తాడు, నేను రంపం మిషన్ దగ్గర పలకలు అందిస్తాను, పాలిష్ పెడతాను. మెకానిక్ అయిన మా తమ్ముడూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం: ఇక్కడ తయారైన బండే కొనాలి, సందుకో చోట విడిభాగాలు దొరుకుతాయి. ఆయనకు మాత్రం విదేశం నుంచి వచ్చిన పికప్పే కావాలి. ఇక్కడి బండ్లకు స్టీరింగ్ కుడివైపు ఉంటే దానికి ఎడమవైపు. అదే ఎందుకంటే చెప్పడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

“మీతో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది,” అన్నాను ఒకరోజు. ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

నిజానికి చెవుడు నాది. రెండేళ్ల కిందట జ్వరం తగ్గాక కుడి చెవి పోయింది. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే నన్ను రంపం దగ్గరికి రానివ్వడని భయం. ఆయన పక్కన ఆ పని లేకుండా నేను ఉండలేను. షెడ్డులో రంపం మోత, ఇంటికొస్తే ఆయన గురక. మనసు విప్పి మాట్లాడేది బండిలోనే. అక్కడేమో ఆయన కూర్చునేది నాకు కుడి పక్కన. ఏం చెప్పినా ఊకొట్టేదాన్ని. ఒకరోజు అలాగే ఊఁ అన్నాను, మర్నాడు నున్నగా మీసం గీసుకుని వచ్చాడు. ఇదేం బుద్ధి అని కేకలేస్తే, నిన్న అడిగితే నువ్వే ఊఁ అన్నావుగా అన్నాడు.

నిన్న ఆ విదేశీ బండి నడిపి చూద్దాం రమ్మన్నాడు. మూతి ముడుచుకునే వెళ్లాను. విడిభాగాలకు నెలలు పడుతుంది బావా అని తమ్ముడు మొత్తుకుంటూనే ఉన్నాడు. నేను అలవాటు కొద్దీ ఎడమ తలుపు తీస్తే అక్కడ స్టీరింగ్ ఉంది. గొణుక్కుంటూ చుట్టూ తిరిగి వచ్చి కుడివైపు ఎక్కాను.

వంతెన దాటాక, గొంతు పెంచకుండా, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

“మీసం మళ్లీ పెంచనా?”

ఇంజిన్ మోతలో కూడా ప్రతి అక్షరం వినపడింది. ఊకొట్టబోయి ఆగిపోయాను.

“ఎప్పటినుంచి తెలుసు మీకు?”

“మీసం తీసిన రోజునుంచి. అదంటే నీకెంత ఇష్టమో నాకు తెలీదూ? వినపడి ఉంటే ఊఁ అనేదానివా?”

మరి రంపం దగ్గర పని, అని అడిగాను. ఏడాదిన్నరగా నీ ఎడమ పక్కనే నిలబడుతున్నాను, చూసుకోలేదా అన్నాడు. చూసుకోలేదు. నన్ను మానిపించకుండా ఆయనే చోటు మార్చుకున్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మలుపు తిరిగితే బండ్లు అమ్మే చోటు. తమ్ముడు అక్కడ ఎదురుచూస్తున్నాడు.

“తిప్పకండి,” అన్నాను. “రెండేళ్లుగా దారిలో చెప్పినవన్నీ మళ్లీ చెప్పండి.”

“అన్నీ ఎక్కడ గుర్తుంటాయే?”

“గుర్తున్నవే చెప్పండి.”

బండిని నేరుగా పోనిచ్చాడు. అప్పట్లో బిగించిన నీలం తలుపు దగ్గర మొదలుపెట్టాడు. నేను ఊకొట్టలేదు. అది నీలం కాదు, ఆకుపచ్చ అని మొదటి మాటకే అడ్డం పడ్డాను.