అత్తయ్య దవడకు సూది

పెళ్లై నెల దాటినా మా అత్తయ్య దేవమ్మ నాతో అన్నవి రెండే మాటలు: "ఊ", "సాలు". నేను ఎంత ఇష్టంగా వండినా నాలుగు మెతుకులు నమిలి, కంచం పక్కకు జరిపేది. కోదాడ పిల్ల నచ్చలేదేమోనని నాకు ఒకటే దిగులు.

అసలు సంగతి మా ఆయన ప్రభుదాస్ చెప్పాడు. ఆవిడకు చెవి ముందు దవడ కీలు అరిగింది. నోరు తెరిస్తే టక్కుమని నొప్పి. మాత్రలు, కాపడాలు అన్నీ అయ్యాయి. ఆ కీలులోకే సూదిమందు ఎక్కిస్తామని సూర్యాపేటలో డాక్టరమ్మ అంటే, భయపడి లేచి వచ్చేసిందట.

అయితే తప్పు నాది కాదన్నమాట! ఎగిరి గంతేశాను. వెంటపడి, బతిమాలి అత్తయ్యను ఒప్పించాను.

మిర్యాలగూడలో బస్సెక్కాక మా ఆయన నా చెవిలో గొణిగాడు: "అమ్మ నోరు తెరవక మనం సుఖంగ ఉన్నం. నువ్వే తెరిపిస్తున్నవ్. సూడు ఇగ."

"పోండి! పాపం అత్తయ్య."

డాక్టరమ్మ ముందుగా మత్తు ఇచ్చి, కీలులోకి చిక్కటి జిగురు మందు మెల్లగా ఎక్కించింది. "కిర్రుమనే తలుపు బందుకు నూనె వేసినట్టే. అందరికీ ఒకేలా పనిచేయదు, చూద్దాం. రెండు రోజులు మెత్తటివే పెట్టండి" అంది. అత్తయ్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, నా కొత్త గాజు ఒకటి చిట్లింది. ఆ ముక్క దాచుకున్నాను.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి రాగానే గోంగూర మటన్ వండాను. అత్తయ్య ముక్క నోట్లో పెట్టుకుంది. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. నమిలింది. టక్కు లేదు! మింగింది.

"ఏందే పిల్లా, కూరల గింత ఉప్పా? నెల సంది తింటున్న. చారు నీళ్లోలె, పప్పు ఉడకనే ఉడకదు. సెప్దామంటే దవడ ఆడదాయె!"

అక్కడి నుంచి నేను గిన్నెలు కడిగే తీరుకు, అక్కడి నుంచి నా చీర కుచ్చిళ్లకు వెళ్లింది. "నేను సెప్పలే?" అన్నట్టు మా ఆయన కళ్లెగరేశాడు. ఇంతలో అత్తయ్య మాట ఆయన పొద్దెక్కి లేవడం దగ్గరికి వచ్చేసరికి, గబుక్కున కంచంలోకి తల దించాడు.

నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. అన్ని "ఊ"ల తర్వాత ఇంత పొడుగు మాట, అదీ నాతో!

"నవ్వుతవేందే?" అంటూ అత్తయ్య కంచం నా ముందుకు జరిపింది. "ఇంకో రెండు ముక్కలెయ్యి. మంచి మూలుగ బొక్క సూసి ఎయ్యి."