తొమ్మిదో వరుస

హిల్కా స్కేలు అడ్డం పెట్టుకుని పట్టికలో తొమ్మిదో వరుస మళ్లీ చదివింది. రసాయనాల గిడ్డంగి, నేలమాళిగ. తనిఖీ జరిగి ఆరేళ్లు. ప్రమాదం జరిగితే నష్టం: ఐదుకు ఐదు. రాతపూర్వక ఫిర్యాదులు: సున్నా.

విశ్వవిద్యాలయంలో ఎనభై మూడు విభాగాలు. అంతర్గత తనిఖీకి ఉన్నది ఇద్దరే. ఏటా నవంబరులో అన్నిటికీ మార్కులు వేసి, పైనున్న ఎనిమిదింటిని వచ్చే ఏడాదికి ఎంచుకుంటారు. ఇరవై రెండేళ్లుగా హిల్కా పని అదే. సన్నటి మనిషి, బూడిదరంగు కార్డిగన్, ఎప్పుడూ చల్లగా ఉండే వేళ్లు. ఎంచుకున్నవాటి గురించి ఆమెకు దిగులుండదు. వదిలేసినవాటి గురించే భయం. పోయినేడు ఈ గిడ్డంగిని వదిలేసిన జాబితా కింద తనే సంతకం పెట్టింది.

ఉదయం తొమ్మిదింటికి గిడ్డంగి చూసే ఉర్హో ఫోన్ చేశాడు.

“గాలి బయటికి లాగే ఫ్యాను మళ్లీ ఆగిందమ్మా. గొంతు మండుతోంది.”

“ముందు బయటికి వచ్చేయండి. ఒక్క ముక్క రాసివ్వమంటే ఇవ్వరేం?”

“ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాను. ఇప్పుడు రాసి ఎవరి నోళ్లలో పడను? నువ్వే ఏదో ఒకటి చూడు.”

మరమ్మతుల వాళ్లకు ఫోన్ చేసింది. సోమవారం వస్తామన్నారు. ఇవాళ గురువారం. మధ్యాహ్నం క్యాంటీన్లో బఠాణీ సూపు సగంలోనే వదిలేసి లేచింది.

రెండింటికి పై అధికారి తాపియో గదిలో కూర్చున్నారు.

“ఎనిమిదోది విద్యార్థుల సమాచార వ్యవస్థ. పైవాళ్లు అడిగారు. గిడ్డంగి వచ్చే ఏడాది చూద్దాం.”

“పోయినేడూ అదే అన్నారు.”

“ఫిర్యాదు లేదు కదండీ.”

“నాకు భయంగా ఉంది.”

“భయానికి పట్టికలో గడి లేదు హిల్కా గారూ!” అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. “అయితే నా సంతకం ఉండదు. ఈ జాబితా నేను చెయ్యలేదని రాసుకోండి.” కాగితం అతని వైపు తోసింది.

ఆమె గొంతు పెంచడం తాపియో ఎన్నడూ వినలేదు. పెన్ను తీసి, ఎనిమిదినీ తొమ్మిదినీ తారుమారు చేశాడు.

హిల్కా లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగింది. గిడ్డంగి తలుపు బార్లా తెరిచి ఉంది. ఊడ్చే మర్యుత్ గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

“ఉర్హో ఏరీ?”

“పదకొండింటికి నేను వచ్చి చూస్తే లోపలే కుర్చీలో వాలిపోయి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. అంబులెన్సులోనే పోయాడట.”

హిల్కా లోపలికి చూసింది. కుర్చీ వీపుకు ఉన్ని స్వెట్టరు వేలాడుతోంది. మోచేతి చిరుగు సగం కుట్టి ఉంది. దారానికి సూది ఇంకా వేలాడుతూనే ఉంది.