గంప ముందు పట్టు

రత్నాలమ్మ ఆ మాట గొప్పకే అంది.

మగపెళ్లివారికి విడిదిగా పలాస స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జి మాట్లాడారు. వాళ్లు హైదరాబాద్ నుంచి విశాఖకు విమానంలో రావాలి. పైలట్ల సమ్మె మొదలై ఆ విమానం రద్దయింది. రైలు టికెట్లు దొరకలేదు. చివరికి హైదరాబాద్‌లోనే ఒక బస్సు కట్టించుకుని రాత్రంతా కూర్చుని, పెళ్లికి ముందురోజు పొద్దున్న దిగారు. సగం మందికి కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. పెళ్లికొడుకు తండ్రి సోమేశ్వరరావు బస్సు మెట్టు దిగి, నడుము మీద చెయ్యి వేసుకుని, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

పెళ్లికూతురి తల్లి వాణి, ఆమె పిన్ని రత్నాలమ్మ కాఫీ ఫ్లాస్కులు పట్టుకుని విడిదికి వెళ్లారు. హాల్లో టీవీ నడుస్తోంది. ముంబై విమానాశ్రయం గేటు బయట యూనిఫారాలు వేసుకున్న పైలట్లు అట్టముక్కలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మొన్నటి దృశ్యాలని కింద రాసి ఉంది. ఒకతను మైకులో ఏదో చెబుతున్నాడు.

"ఓలమ్మ! సూడవే వాణీ, మన శంకరం! టీవీలో మన శంకరమే!" రత్నాలమ్మ ఫ్లాస్కు బల్ల మీద పెట్టేసి పెళ్లికొడుకు తల్లి చెయ్యి పట్టుకుంది. "ఆడేనమ్మా, వాణి తమ్ముడు. పెళ్లికూతురికి మేనమామ. రేపు గంప పట్టీది ఆడే. ఎంత ముందుకెల్లి మాటాడతన్నాడో సూడండి."

బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ తలెత్తి టీవీ వంక చూసి, రత్నాలమ్మ వంక చూసి, మళ్లీ తన కాళ్ల వంక చూసుకుంది.

సోమేశ్వరరావు కాఫీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఆ మాట్లాడే అబ్బాయి మీ తమ్ముడా?"

"అవునండి అన్నయ్యగారూ. ఉమాశంకర్" అంది వాణి.

ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. రత్నాలమ్మకు అప్పుడు కూడా ఏమీ తెలియలేదు. రెండో ఫ్లాస్కు మూత విప్పుతూ, "సిన్నప్పుడు బారువ బీచిలో గాలిపటాలెగరేసీవోడు" అని ఎవరికో చెబుతోంది.

*

కల్యాణమండపం వెనక పొయ్యిల దగ్గర వాణి కరివేపాకు దూయిస్తుండగా భర్త రమణమూర్తి వచ్చాడు. సోంపేట వైపు వాళ్ల ఊరికి ఆయన రెండుసార్లు సర్పంచి. తగువులు సర్దడం ఆయనకు అలవాటు. ఎవరి దగ్గరకైనా ముందు చేతులు నలుపుకుంటూ వస్తాడు. ఇప్పుడు కూడా అలాగే వచ్చాడు.

"వియ్యంకుడు ఒక్కటే అడిగేడు" అన్నాడు. "శంకరం పెళ్లికి రావచ్చట. తినొచ్చట. గంప మాత్రం పట్టకూడదట."

"ఎందుకట?"

"ఆయన అన్నగారు పుణేలో ఉండిపోనారు. ఈయన్ని పెంచిందీ సదివించిందీ ఆ అన్నే. ఎనభై ఏళ్ల మనిషి, బస్సెక్కలేరు. విమానం నేదు. మా అన్న నేని పెళ్లిలో, దానికి కారణమైనోడు గంప పట్టుకుని ముందు నడుత్తాడా అన్నాడు. నాను ఏటి సెప్పను?"

"ఏటి సెప్పేరు?"

"ఢిల్లీరావు పడతాడన్నాను."

ఢిల్లీరావు వాణి పెదనాన్న కొడుకు. గంపను నలుగురు పడతారు. పెళ్లికూతురిని అందులో కూర్చోబెట్టి, పంతులు పిలిచినప్పుడు గదిలోంచి పీటల దగ్గరికి మోసుకొస్తారు. వరసకు మేనమామలైన వాళ్లెవరైనా వెనక పట్టవచ్చు. ముందు పట్టు మాత్రం తల్లి తోడబుట్టినవాడిది. వాణికి తోడబుట్టినవాడు ఒక్కడే.

"అలకపాన్పు ఎక్కాల్సింది అల్లుడు కదా. అల్లుడి కంటే ముందు వియ్యంకుడుగారు ఎక్కీసేరేటి?" అంది వాణి.

పొయ్యి దగ్గరి ఆడవాళ్లు నవ్వారు. రమణమూర్తి నవ్వలేదు.

"నవ్వులాట కాదే. ఒక్క పూట తగ్గితే పోయీదేటి? రేపటేల దాటితే అందరూ మరిసిపోతారు."

"శంకరం మరిసిపోడు. నానూ మరిసిపోను. మీకు తగువంటే ఇటు సగం, అటు సగం. గంప అలా పంచీది కాదు."

"ఆడినే అడుగు. ఆడే పట్టనంటాడు, సూడు."

అది నిజమేనని వాణికి తెలుసు. అందుకే ఆటో ఎక్కి తనే స్టేషన్‌కు వెళ్లింది.

*

శంకరం ముంబైలో జనరల్ పెట్టె ఎక్కి విశాఖలో దిగి, అక్కడి నుంచి పాసింజరు పట్టుకున్నాడు. హరిశ్చంద్రపురం దాటాక ఫోన్ చేశాడు. బండి వచ్చింది. పెట్టెలోంచి జీడిపిక్కల బస్తాలు దిగాయి, వాటి వెనక అతను దిగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. సంచి అందుకోబోయిన అక్కకు ఇవ్వలేదు.

"నువ్వొచ్చీసేవేటప్పా? పెళ్లిపనులు ఒగ్గీసి?"

బెంచీ మీద కూర్చోబెట్టి సంగతి చెప్పింది. అతను విన్నాడు. రమణమూర్తి అన్నట్టే అన్నాడు.

"అయితే ఏటి? ఢిల్లీ అన్న పడతాడు. నాను వంటల కాడ ఉంటాను. గుంట పెళ్లి ముఖ్యం గానీ నా పట్టు కాదు."

"వేరే కంపెనీ విమానాలు ఒకటో రెండో, నిండుగా తిరుగుతన్నాయి కదా. పైలట్టువి, అందులో సీటు దొరకలేదా నీకు?"

"ఇత్తామన్నారు. మావోళ్లు రోడ్డు మీద కూకుంటే నాను విమానం ఎలా ఎక్కుతానప్పా? జనం అందరూ రైల్లో పడుతుంటే నానూ పడాలి కదా."

"జీతాల కోసమే సేత్తన్నారని టీవీలో సెబుతున్నారు."

"జీతాలు కాదు. నిద్ర."

అతను సంచి జిప్పు లాగి, మళ్లీ మూశాడు.

"వరసగా రాత్రి డ్యూటీలు ఏసేరు. ఆఖరి రోజు విశాఖ వత్తన్నాం. తెల్లారతంది. నాను కళ్లు తెరిసేను. తెరిసేనంటే, అప్పటిదాకా మూసి ఉన్నట్టే కదా. పక్కకి సూత్తే పక్కనోడూ నిద్రలో ఉన్నాడు. ఇద్దరం. కింద సముద్రం."

"ఎంతసేపు?"

"తెల్దు. అదే నాకు భయం."

"ఎవలికీ సెప్పలేదా?"

"రాసిచ్చేను. ఎవలూ పట్టించుకోలేదు. మల్లీ రాత్రి డ్యూటీయే ఏసేరు. అప్పుడు మిగతా వోళ్లని అడిగేను. అందరిదీ ఇదే కత. ఎవడూ పైకి సెప్పుకోడు. సిగ్గు."

బండి కదిలింది. జీడిపిక్కల బస్తాలను తోపుడుబండి మీదకు ఎత్తుతున్నారు. వాణి లేచింది.

"పద."

"ఇంటికా?"

"విడిదికి."

"అప్పా, వొద్దు."

"తానం సెయ్యకుండా రా. ఆళ్లు బస్సులో ఎలా వచ్చేరో నువ్వూ అలాగే వచ్చేవని సూడాలి కదా."

*

సోమేశ్వరరావు విడిది వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. శంకరం నమస్కారం చేశాడు. ఆయన కుర్చీ చూపించలేదు.

"మా వాళ్లను రానివ్వకుండా చేసి మీరు మాత్రం వచ్చారన్నమాట."

"జనరల్ పెట్టెలో వచ్చేనండి."

"మా అన్నయ్య ఏ పెట్టెలో రావాలి?"

శంకరం చేతిలోని సంచి కింద పెట్టాడు. "ఆయన రాలేకపోయినందుకు నాకూ బాధగానే ఉందండి" అన్నాడు. "మీరు వద్దంటే గంప..."

"నువ్వుండు" అంది వాణి. "అన్నయ్యగారూ, ఇతను, పక్కనున్న పైలట్టు, ఇద్దరూ విమానంలో నిద్రపోయేరు. విశాఖ దగ్గర, గాల్లో. రాత్రీ పగలూ తిప్పితే అంతే అవుతుంది. రాసిచ్చినా ఎవలూ సూడలేదు. అందుకు రోడ్డెక్కేరు. నిన్న మీరందరూ ఎక్కాల్సిన విమానం నడిపీవోలూ అలాంటోలే. మీ అన్నగారు ఇంటికాడ ఉన్నారు. పెళ్లి ఫోన్లో సూత్తారు. కడుపుమంట ఉంటాది, నాను కాదనను. కానీ మనిషి ఉన్నారు."

"అందరూ నిద్రపోతూ నడుపుతారా? ఏం మాటలమ్మా ఇవి?"

"ఇతను సెప్పేడు. మిగతావోలు సెప్పుకోలేదు."

సోమేశ్వరరావు లేచాడు. ఆయనది టెక్కలి. చదువయ్యాక వెళ్లి హైదరాబాద్‌లో స్థిరపడి, కాంట్రాక్టులు చేసి, అక్కడి మాటే మాట్లాడుతూ వచ్చాడు. కోపం వచ్చేసరికి టెక్కలి బయటపడింది.

"నీకేటి తెల్సమ్మా! నాన్న పోతే ఆడు సదువు మానీసి నన్ను సదివించినోడు! నా కొడుకు పెళ్లికి ఆడు నేడు! ఈయన పట్టుకుంటాడట గంప! సూడమంటావా నన్ను, కూకుని?"

"పెళ్లి ఆపుతారా?"

"ఎందుకాపుతాను? నా కొడుకు పెళ్లి, నీ కూతురు బంగారం లాంటి పిల్ల. పెళ్లి అవుద్ది. ఈడు గంప పడితే మాత్రం నాను ఆ పందిట్లో కూకోను. అంతే."

"మీ ఇష్టం. మీ కుర్చీ ముందు వరసలో ఏసే ఉంచుతాం. గంప మా తమ్ముడే పడతాడు."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో శంకరం ఒక్క మాటే అన్నాడు. "ఆయన బాధ అబద్ధం కాదప్పా."

"కాదు. నీదీ కాదు" అంది వాణి.

*

ముహూర్తం పొద్దున్నే. పీటల మీద పెళ్లికొడుకు అవినాష్ కూర్చున్నాడు. ఎదుట తెర పట్టారు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. సోమేశ్వరరావు తలుపు పక్కన స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే కాలితో పక్కకు జరిపాడు.

"పెళ్లికూతుర్ని తీసుకురండి" అన్నారు పంతులు.

ఎవరూ రాలేదు. పంతులు మళ్లీ పిలిచారు. పీటల మీద భర్త పక్కన కూర్చున్న వాణి అతని వైపు చూసింది. రమణమూర్తి కొబ్బరికాయ సర్దుకుంటున్నాడు. ఆమె లేచి గది వైపు నడిచింది.

గదిలో పెళ్లికూతురు జాహ్నవి అప్పటికే గంపలో కూర్చుని ఉంది. టెక్కలి మేదరవాళ్ల చేత అల్లించిన గంప. ముందు శంకరం ఒక్కడే ఉన్నాడు. ఢిల్లీరావు, మిగతా ఇద్దరూ గోడకు చేరి నిలబడ్డారు.

"ఏరా?" అంది వాణి.

"బావ వొద్దన్నాడే" అన్నాడు ఢిల్లీరావు. "మేం ఆగితే శంకరం తగ్గుతాడన్నాడు. మాకెందుకీ గొడవ?"

వాణి చీర కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. గంప వెనక వైపు వంగి పట్టుకుంది.

"అమ్మా, దిగి నడిసేత్తానే" అంది జాహ్నవి.

"కూకో."

"తల్లి గంప పట్టకూడదే!" రత్నాలమ్మ గుమ్మంలోంచి అరిచింది.

"పట్టాల్సినోలు గోడలు పట్టుకున్నారు పిన్నీ. లే, శంకరం."

లేపారు. గంప వాణి వైపు ఒరిగింది. జాహ్నవి అంచులు పట్టుకుంది. హాల్లోకి వచ్చేసరికి సన్నాయి ఆగిపోయి, మళ్లీ మొదలైంది. జనం దారి ఇచ్చారు. వేదిక మెట్టు దగ్గరకు వచ్చాక శంకరం పట్టు సడలడం వాణికి కనిపించింది.

"దించు" అంది.

గంప మెట్టు కింద దించారు. అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటున్నాడు.

"ముహూర్తమమ్మా!" అన్నారు పంతులు.

"ఉందండి ఇంకా. మా తమ్ముడు రైల్లో నిలబడి వచ్చేడు, నిద్ర లేదు. కాసేపు ఆగి ఎత్తుతాడు."

"ఎవరైనా ఎత్తండి నాయనా..."

"ఎవలో కాదు, అతనే ఎత్తుతాడు. అలిసిన సేత్తో ఎత్తితే పడిపోయీది పిల్ల. పడ్డాక ముహూర్తం ఏటి సేసుకుంటాం?"

ఆమె గొంతు పెంచలేదు. అయినా తలుపు దాకా వినిపించింది. పీటల మీద రమణమూర్తి తల వంచుకున్నాడు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. తెర అవతల నుంచి అవినాష్ గొంతు వచ్చింది.

"పర్వాలేదు అత్తయ్యా. ఆగుదాం."

ఆగారు. శంకరం అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఢిల్లీరావు జనంలోంచి వచ్చి, బావ వైపు చూడకుండా, గంప పక్కన వంగాడు. అతని వెనక మిగతా ఇద్దరూ వచ్చారు. వాణి తన పట్టు వాళ్లకు వదిలి నిలబడింది.

"ఇప్పుడు లే" అంది తమ్ముడితో.

గంప మెట్టు దాటి తెర ముందుకు చేరింది. వాణి కొంగు విప్పి, భర్త పక్కన తన చోట కూర్చుంది. రమణమూర్తి గొంతు తగ్గించి, "ఆయన ఎల్లిపోనాడా?" అని అడిగాడు.

"నేదు. ఉన్నారు."

సోమేశ్వరరావు స్తంభం దగ్గరే ఉన్నాడు. ఫోన్ ఎత్తి పట్టుకుని పీటల వైపు తిప్పి, పుణేలోని అన్నకు చూపిస్తున్నాడు. కాళ్లు ఇంకా వాచే ఉన్నాయి. ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదకు బరువు మార్చుకుంటున్నాడు గానీ కూర్చోలేదు. జీలకర్ర బెల్లం అయింది, మంగళసూత్రం అయింది, ఆయన కూర్చోలేదు. వాణి కూడా మనిషిని పంపి కూర్చోమని అడిగించలేదు.

అక్షింతలు వేసే వేళకు హాల్లో అందరూ లేచి ముందుకు వచ్చారు. ఆయనా వచ్చాడు. అందరూ నిలబడే ఉన్నారు కాబట్టి, ఆయన మాట మీద నిలబడి ఉన్నాడని ఎవరికీ కనిపించలేదు. శంకరం పక్కనుంచి ఆయన చెయ్యి చాచి, కొడుకు తల మీద, కోడలి తల మీద అక్షింతలు వేశాడు.