గౌను లోపలి గుడ్డ

గోపమ్మ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలాయన నీళ్లు కలపకుండా పోస్తే, ఇవాళ ఎందుకు కలపలేదా అని ఆలోచిస్తుంది. అలాంటి గోపమ్మను రెండేళ్లుగా ఒక అనుమానం తొలిచేస్తున్నది. కోడలు నిరోష తన మీద మనవరాలికి ఏదో నూరిపోస్తున్నదని.

లేకపోతే ఏమిటి మరి? సుస్మితకు మూడున్నరేళ్లు. దారిన పోయేవాళ్లు పిలిచినా చంకనెక్కుతుంది. తాత మైసయ్య మీసాలు పట్టి గుంజి నవ్వుతుంది. అదే గోపమ్మ చేతులు చాపితే చాలు, ఇల్లెగిరిపోయేటట్టు ఏడ్చి తల్లి కొంగులో దూరుతుంది. ఒక్కగానొక్క కొడుకు సురేశ్‌, వాడికి ఒక్కగానొక్క బిడ్డ. ఆ పిల్లను ఒళ్లో కూచోబెట్టుకుని ఒక్క ముద్ద తినిపించాలని గోపమ్మ ప్రాణం కొట్టుకుంటున్నది. పిల్లకు మాటలొచ్చిన నాటి నుంచి ఆ ముచ్చట తీరనే లేదు.

సురేశ్‌ మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. హాలియా పక్కనున్న ఈ ఊరికి ఏడాదిలో మూడు నాలుగు సార్లు వస్తారు, అదీ ఏ పెళ్లికో పండుగకో. వచ్చిన ప్రతిసారీ గోపమ్మ ఒక కొత్త గౌను తెచ్చి పెట్టేది. మామూలు గౌను కాదు. నాలుగు పొరల నెట్టు, ఛాతీ మీద తళతళలాడే రాళ్లు, నడుముకు బిగువైన పట్టీ. పదిమందిలో మైసయ్య మనవరాలు మెరిసిపోవాలి. అందుకే పిల్లను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని మరీ తన చేత్తోనే తొడిగేది.

ఈసారి మైసయ్య అన్న ఐలేశం మనవడికి పంచెలు కట్టించే ఫంక్షను. ముందురోజు పొద్దున్నే కొడుకు, కోడలు, పిల్ల బస్సు దిగారు. గోపమ్మ వాకిట్లోకి ఎదురెళ్లి చేతులు చాపింది. పిల్ల తల్లి మెడ గట్టిగా పట్టుకుని ఒకటే మాట అన్నది.

"అవ్వ గుచ్చుతది."

గుచ్చడమేమిటి? ఇంత పిల్లకు ఆ మాట ఎవరు నేర్పారు? గోపమ్మ కోడలి ముఖం చూసింది. నిరోష తల దించుకుని, ప్రయాణంలో అలిసిపోయిందని ఏదో సర్దిచెప్పింది. తల దించుకున్నదంటే తప్పు చేసినట్టే అని గోపమ్మ లెక్క.

నిరోష తలస్నానానికి పోయిన సందు చూసి గోపమ్మ వాళ్ల సంచి విప్పింది. వెతకడానికి కాదు, బట్టలు సర్దిపెడదామని. కనీసం తనకు తాను అలాగే చెప్పుకున్నది. పైనే ఉంది, దసరాకు తను కొన్న గులాబీ రంగు గౌను. చేతిలోకి తీసుకుని లోపలికి తిప్పి చూసేసరికి ఆమె వేళ్లు ఆగిపోయాయి. మెడ దగ్గర కంపెనీ చీటీ కత్తిరించి ఉంది. మెడ నుంచి నడుము దాకా లోపల ఏదో పాత గుడ్డ వేసి కుట్టి ఉంది. నీలం గుడ్డ, పసుపు చుక్కలు.

అది తన చీరె. తను కట్టి విడిచిన నూలు చీరె.

మనిషి కట్టిన గుడ్డ, తల వెంట్రుక చాలు, బాణామతి చేసేవాళ్లకు ఇంకేమీ అక్కరలేదని చిన్నప్పటి నుంచి వింటున్న మాట. తన గుడ్డ పిల్ల ఒంటికి తగిలించి, లోపల ఏం పెట్టి కుట్టిందో ఏమో, అందుకే పిల్ల తనను చూస్తే జడుసుకుంటున్నది! కోడలు ఇంత పని చేస్తుందనుకోలేదు. గౌనును కొంగు కింద దాచి, ఉల్లిగడ్డలు తెస్తానని చెప్పి హాలియా ఆటో ఎక్కింది.

బస్టాండు వెనక మిషను కుట్టే కౌసర్‌ ఆమెకు ముప్పై ఏళ్లుగా తెలుసు. గోపమ్మ నమ్మే ఇద్దరు ముగ్గురిలో ఆమె ఒకతె. అదీ జాకెట్టు ముక్కలు తిరిగి ఇస్తుంది కాబట్టి.

"కుట్టు విప్పు. లోపల ఏం పెట్టిందో చూడాలె," అన్నది గోపమ్మ.

కౌసర్‌ ఏమీ అడగకుండా ఒక పక్క కుట్టు విప్పింది. గుడ్డను లేపి దులిపింది. ఏమీ రాలలేదు. రెండో పక్క కూడా విప్పమన్నది గోపమ్మ. అదీ విప్పింది. దారం పోగు తప్ప అందులో ఏమీ లేదు.

కౌసర్‌ ఆ కుట్టును కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇది మిషను కుట్టు కాదని, ఎవరో కూచుని చేత్తో సన్నగా కుట్టారని, పిల్ల ఒంటికి తగలకుండా ముడులు కూడా గుడ్డ కిందికే వేశారని చెప్పింది. గోపమ్మ నమ్మలేదు. అప్పుడు కౌసర్‌ ఆమె చెయ్యి పట్టుకుని, ఆ గౌను నెట్టు అంచును మోచేతి మడతలో పెట్టి నాలుగుసార్లు రుద్దింది. గోపమ్మ చెయ్యి వెనక్కి లాక్కున్నది. అక్కడ ఎర్రగా చార తేలింది.

"నీది ఎండల మొద్దుబారిన తోలక్కా. గా పిల్ల మెడ ఎట్లుంటది చెప్పు," అన్నది కౌసర్‌.

మరి తన చీరె ఎక్కడిదని గోపమ్మ నిలదీసింది. పుట్టినప్పుడు పిల్లను ఎందులో చుట్టారని కౌసర్‌ తిరిగి అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది గోపమ్మకు. పురిటి పిల్లకు కొత్త బట్ట పనికిరాదని నల్గొండ దవాఖానకు పాత చీరెల మూట మోసుకుపోయింది తనే. నిరోష వాటిని పారెయ్యలేదు. అత్త తెచ్చిన గౌను పిల్లకు తొడగాలని, అత్త మనసు కష్టపెట్టకూడదని, ఆ మెత్తటి గుడ్డనే లోపల వేసి కుట్టింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఊకుంటవా? నేను కొన్నదానికి వంకలు పెడతాందని ఊరంతా తిరిగి చెప్పవా?"

చెప్పేదే. గోపమ్మకు ఆ సంగతి బాగా తెలుసు. తను బిగించి తొడిగిన గౌన్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. తను కనబడితే గుచ్చుకునే గౌను వస్తుంది, పిల్లకు తెలిసింది అంతే. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కొత్త గౌను కావాలన్నది. కౌసర్‌ తను కుట్టి పెట్టినవాటిలోంచి మెత్తటి నూలు గౌను ఒకటి తీసింది. రాళ్లు లేవు. చంక దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు. తొడగడానికి ముందు వైపు గుండీలు. పిల్ల చేతులు పైకెత్తగలగాలి, గొంతుక్కూచోగలగాలి, ఆడుకోగలగాలి, మెరుపు సంగతి తర్వాత అన్నది. గోపమ్మ ఆ గౌనును చెంపకు ఆనించుకుని చూసి తీసుకున్నది.

ఇంట్లో నిరోష సంచి ముందేసుకుని గులాబీ గౌను కోసం వెతుకుతున్నది. రేపు తొడగడానికి తెచ్చింది అదే. గోపమ్మ రెండు గౌన్లూ మంచం మీద పెట్టింది. విప్పిన కుట్లు చూసి, ఎవరు విప్పారని నిరోష అడిగింది. అబద్ధమాడదామనుకున్నది గానీ, గోపమ్మకు నాలుక తిరగలేదు.

"నేనే. లోపల ఏమన్న పెట్టి కుట్టినవేమోనని అనుమానపడ్డ."

"నా బిడ్డ గౌన్ల నేనేం పెడత అత్తమ్మా?"

గోపమ్మ నేల చూపులు చూసింది. నిరోషకు అర్థమైంది.

"దొరికిందా?" అన్నది.

లేదన్నట్టు తల ఊపింది గోపమ్మ. తప్పయిందని కూడా అన్నది. నిరోష సూది తెచ్చుకుని విప్పిన కుట్లు మళ్లీ వేసుకుంటూ కూచున్నది.

మర్నాడు కొత్త నూలు గౌను నిరోషే తొడిగింది. పిల్ల చేతులు పైకెత్తి గిర్రున తిరిగింది. గోపమ్మ దగ్గరికి పోలేదు, గడప అవతల నిలబడి చూసింది. ఐలేశం ఇంటి ముందు షామియానా కింద చుట్టాలందరూ చేరారు. పిల్ల అంతా తిరిగి తిరిగి, ఏమనుకున్నదో, తనంత తనే వచ్చి గోపమ్మ భుజాన చెంప ఆనించింది. మరుక్షణం పట్టుచీరె జరీ అంచు చెంపకు గీరుకుని పిల్ల "గుచ్చుతది" అని ఏడుస్తూ పరుగెత్తింది.

గోపమ్మ లేచి నేరుగా ఇంటికి పోయింది. పట్టుచీరె విప్పి, పొలానికి కట్టుకునే ముతకది కాకుండా, ఉతికి ఉతికి వెలిసిన ఒక నూలు చీరె కట్టుకుని తిరిగి వచ్చింది. తోడికోడలు అండాలు బుగ్గలు నొక్కుకున్నది. సొంత వాళ్ల ఫంక్షనుకు ఇదేం వేషమని నలుగురూ వినేటట్టే అడిగింది. ఇంకోరోజైతే గోపమ్మ కడిగిపారేసేది. ఇవాళ నేరుగా పోయి విస్తరి ముందు కూచున్నది.

కాసేపటికి పిల్ల వచ్చింది. ముందు అరచేత్తో కొంగు తడిమింది. తర్వాత మోకాలు తడిమింది. ఆ తర్వాత మెల్లగా ఒళ్లోకి ఎక్కి కూచున్నది. గోపమ్మ కళ్లు తుడుచుకుని, పెరుగన్నం కలిపి, చిన్న ముద్ద చేసి పిల్ల నోటి దగ్గరికి తీసుకుపోయింది.

పక్కనుంచి నిరోష చెయ్యి వచ్చింది. ఆ ముద్దలోంచి కాస్త గిల్లి తన నోట్లో వేసుకున్నది. మింగి, కాసేపు ఆగింది.

"కారమున్నదేమోనని చూసిన," అన్నది అత్త ముఖం చూడకుండా.

పెరుగన్నంలో కారమెక్కడిదని, కుట్లు విప్పించి చూసిన గోపమ్మ అడగలేదు. పిల్ల నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నది. మిగిలిన ముద్ద పెట్టింది.